వెనక్కి చూసే చిలకలు

మా వెనకింటి గుర్వమ్మత్త నీళ్ళ నల్ల కాడ నలుగురిల నిలబడి అన్నదట: "సిద్దయ్య బిడ్డ పుస్తకం రాసిందంట. మన వాడకట్టు మొత్తం అందులనే ఉన్నదంట. పేర్లు మార్చిందంట గని మనుషులం మనమేనంట. నన్ను ఎంకటమ్మను చేసిందంట. మా అత్త పేరే దొరికిందా దానికి, దొంగముఖందానికి!"

ఈ ముచ్చట నాకు మోసుకొచ్చింది ఆమె కోడలు స్వర్ణలతనే. చెప్పుకుంట చెప్పుకుంట నవ్వు ఆపుకోలేక మా గోడకు ఆనుకున్నది. గుర్వమ్మత్త ఇంకో మాట గూడ అన్నదట: "ఇరవై ఎనిమిదేండ్లు వచ్చినయి, పెండ్లి ఊసు లేదు. మంది ముచ్చట్లు రాసుకుంట కూసుంటే సంసారం ఎప్పుడు చేస్తది? సరేగని, నా నోరు జర మంచిగ రాసిందో లేదో ఎవలన్న సదివి చెప్పుండ్రే."

నేనూ నవ్విన. అప్పటికి పుస్తకం ఇంకా అచ్చుకే పోలేదు.

అది రెండు వేల పద్దెనిమిది ఎండకాలం. తెలంగాణ వచ్చి నాలుగేండ్లు. మన మాటల మనం రాయొచ్చు, రాస్తే సదివేటోళ్ళున్నరు అని మా అసొంటోళ్ళకు ధైర్యం వచ్చిన దినాలు. నేను భువనగిరిల ఒక ప్రైవేటు కాలేజీల తెలుగు చెప్తుంటి. సెలవులియ్యంగనే ఊరికొచ్చి, బాపు మగ్గం అర్రల ఒక మూలకు చాప పరుచుకున్న. బాపు మగ్గం గుంటల కాళ్ళు పెట్టుకొని నేస్తుంటే, అమ్మ గోడకు ఆనుకొని రంగు అంటొద్దన్న కాడ దారానికి రబ్బరు కట్లు కడుతుంటే, నేను రాసేది. మగ్గం చప్పుడు ఆగితే నా కలం గూడ ఆగేది, గట్ల అలవాటైంది.

రాసింది నేనే గని, కథలన్నీ మా అమ్మ శారదమ్మవి. ఆమె చేతులు పని చేస్తున్నంత సేపు నోరు ఊకోదు. ఎవలింట్ల ఎవలు అలిగిన్రు, ఏ మగ్గం కింద ఎవలు పైసలు దాసిన్రు, ఏ పెండ్లిల పప్పు మాడింది, అన్నీ ఆమె నోట్లనే ఉండేటివి. బడికి పోని మనిషి. సంతకం గూడ రాదు. కానీ ముచ్చట ఎక్కడ మొదలువెట్టాలె, ఎక్కడ ఆపాలె అన్నది ఆమెకు తెలిసినంత నాకు ఎమ్మేల ఎవలూ చెప్పలే.

నేను రాసిన పదకొండు కథల్ల పది, వాడకట్టువి. పదకొండోది మాత్రం ఆమెదే.

అది చెప్పిన దినం నాకు యాదికున్నది. చైత్రం ఎండ. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలిదుమారం లేచి కరెంటు పోయింది. మా ఇంట్ల ఆసు మిషను ఆగిపోయింది. ఆసు అంటే, చీర మీద పువ్వో చిలుకో రావాలంటే, రంగులకు ముందు ఆ పోగును వరుస మొలలకు చుట్టుడు. ఈ మొన నుంచి ఆ మొనకు చెయ్యి పోవాలె, రావాలె. ఒక్క చీరకు వేల సార్లు. మిషను రాకముందు వాడకట్టుల ఆడోళ్ళ భుజాలన్నీ ఆ పోవుడు రావుడులనే అరిగిపోయినయి. ఆ దినం బాపు రంగుల కోసం బజారుకు పోయిండు. అమ్మ జర సేపు మిషను దిక్కు చూసింది. తర్వాత అటక మీది నుంచి పాత కట్టె ఆసు దింపి, ముందల పెట్టుకొని కూసున్నది. చాన ఏండ్లకు ఆమె చెయ్యి మల్ల ఊగుడు మొదలువెట్టింది.

"మర్చిపోలేవే అమ్మా," అన్న.

"చెయ్యి మర్చిపోతదా?" అన్నది. కొంచెం సేపటికి, అడగకనే, చెప్పుడు మొదలువెట్టింది.

"నీకు తొమ్మిది నెల్లు. ఒకనాడు నేను ఇంట్ల నుంచి పోయిన."

"ఏడికి?"

"ఏడికో తెలిస్తే పోయినట్టు గాదు గద. భువనగిరి బస్టాండు కాడ పాలమూరు కూలోళ్ళు లారీ ఎక్కుతున్నరు. ఈడ రోడ్డు పని ఒడిసింది, కొల్లాపూర్ దిక్కు కాలువ పనికి పోతున్నరు. ఒకామె నా మొఖం చూసి 'వస్తవా అక్కా' అన్నది. ఎక్కిన. పదకొండు రోజులు మట్టి మోసిన."

నేను కలం పట్టుకున్న. ఆమె చూడలే, లేదా చూసీ చూడనట్టే ఉన్నది.

"బాపు కొట్టిండా?"

"ఛ. మీ బాపు దోమను గూడ ఊది పంపే మనిషి. మీ అవ్వ గూడ మంచిదే. ఎవలూ ఏమనలే. పొద్దుగాల ఆసు ముందల కూసుంటే చెయ్యి పోతది, వస్తది. పోతది, వస్తది. ఆ దినం చెయ్యి పోయింది. మల్ల రాబుద్ధి గాలే. నిన్ను మీ అవ్వ పక్కన పండవెట్టి లేసిన." చెయ్యి ఆగలే ఆమెది. "మట్టి తట్ట నెత్తిన పెట్టుకుంటే బరువే. కానీ ఎనకకు వచ్చేటప్పుడు తట్ట ఖాళీగ వస్తది. ఆసుకు ఖాళీ చెయ్యి లేదు బిడ్డా."

"మరి బాపు నిన్ను ఎట్ల దొరకవట్టిండే?"

"చీర వట్టి."

ఆ చీర నాకు ఎరికే. అంటే, చీరగ ఎరిక లేదు. మా ఇంట్ల పాత బొంత మీద జానెడు ఎర్ర గుడ్డ, దానికి వెలిసిపోయిన పచ్చ అంచు. చిన్నప్పుడు పండుకొని ఆ పచ్చను వేలితోని గీసుకుంట ఉండేదాన్ని. అదే ఆ చీర. పెండ్లైన కొత్తల బాపు సొంతంగ కట్లు కట్టుకొని నేసిన మొదటి చీరంట. అంచుకు చిలకల వరుస. కట్లు కట్టుడుల ఎక్కడనో లెక్క తప్పి, చిలకలన్నీ తలలు వెనక్కి తిప్పి తమ తోకలనే చూసుకున్నయంట. చీరలు కొనే సేటు తీసుకోలే. మా వాడకట్టుల నేసిన చీర ఎవలూ కట్టుకోరు, అది అమ్ముకునేది. వాపసు వచ్చింది గాబట్టి అమ్మకు దక్కింది.

"బస్టాండు కాడ ఎవలో లారీ ముచ్చట చెప్తే, కాలువ పొడుగూత డేరాలు డేరాలు తిరిగిండంట," అన్నది అమ్మ. "మనిషి ఎట్లుంటది, నల్లగనా తెల్లగనా అని అడిగితే చెప్పరాలేదంట. చీర మాత్రం పోగు పోగు చెప్పిండంట. ఎర్ర చీర, పచ్చ చిలకలు, తలలు ఎనకకుంటయి అని. నేను తట్ట దించి చూసేసరికి ఎదురుంగ నిలబడ్డడు. బస్సు ఎక్కినం. మహబూబ్‌నగర్ దాటేదాక మాట లేదు. దాటినంక అన్నడు, 'ఆసు పోసేటోళ్ళు లేరు' అని. అంతే. ఊళ్ళె మాత్రం నేను మా అమ్మకు పానం బాగలేక తల్లిగారింటికి పోయిన అని చెప్పిండు, మీ అవ్వతోని చెప్పిచ్చిండు."

"నువ్వేమన్నవ్?"

"నన్ను ఏమన్న అడిగితే గద అనేది? ఎందుకు పోయినవే అని ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని. ఇయ్యాల్టి దాక అడగలే."

కరెంటు వచ్చింది. మిషను గర్రుమన్నది. ఆమె చెయ్యి తీసేసి భుజం ఒత్తుకున్నది. "ఇగ ఇప్పుడు ఆసుకు గూడ నేను పనికి రాను. ఉండమననీకి మీ బాపుకు సాకు లేదు," అని నవ్వింది.

ఇది రాయి అనలే. రాయకు అనలే. నేను అడగలే. మా ఇంట్ల అడిగే అలవాటు తక్కువ.

*

భువనగిరిల కోట గుట్ట కింద కమలాకర్ సార్ ఇల్లు. తెలుగు పంతులుగ చేసి దిగిపోయిండు, మూడు పుస్తకాలు తెచ్చిండు. నా కాయితాలన్నీ ఎర్ర పెన్ను పట్టుకొని సదివిండు. గుట్ట మీది ఎండ వాకిట్లకు కొడుతుంటే, తువ్వాల నెత్తి మీద కప్పుకొని నాకు పుస్తకం తెచ్చే ఇకమతులు చెప్పేటోడు.

"మొదటి పుస్తకం రాసేటోళ్ళు ముందుమాటల కోసం పెద్దమనుషుల ఎనుక తిరుగుతరు. నలుగురు నాలుగు రాస్తరు. పెండ్లికి వచ్చినోడు పందిట్లనే అలిసిపోయినట్టు, సదివేటోడు అక్కడనే పండుకుంటడు. ఒక్కటి చాలు. అది నువ్వే రాసుకో."

"సరే సార్."

"తారీఖు పెట్టుకొని పుస్తకం రాయకు. పుస్తకం అయినంక తారీఖు పెట్టుకో. హాలు దొరికిందని తొందరపడ్డోళ్ళు అచ్చుతప్పులు పంచిపెడతరు."

"సరే సార్."

"పేర్లు మార్చు. వస్తువులు మార్చకు. మనిషిని ఎంకయ్య అను, మల్లయ్య అను, వాని చేతుల చెంబు మాత్రం వాని చెంబే ఉండాలె. చెంబు అబద్ధమైతే కథంత అబద్ధమైతది." నా పదకొండో కథ తీసి, వెనక్కి చూసే చిలకల కాడ వేలు పెట్టిండు. "ఇగో, ఇది. ఇది కల్పించరాదు. దీన్ని ముట్టకు."

నాకు ఎంత సంబురమైందో. ఆయనకు ఆ చీర ఎవలదో తెల్వదు. నేను చెప్పలే.

లేచి వస్తుంటే వెనుక నుంచి పిలిచిండు. "ఇంకోటి బిడ్డా. అచ్చుకు ఇచ్చే ముందు, ఎవల గురించి రాసినవో వాళ్ళ పక్కన కూసొని సదువు. మనసుల గాదు, పైకి. నీ గొంతు ఎక్కడ తడబడితే అక్కడ తప్పున్నట్టు."

"వద్దంటే సార్?"

"వద్దంటరని ఏ కథకు భయమైతదో, అదే ముందు సదువు."

ఇప్పటికీ కాలేజీల ఎవలన్న పిల్లలు వచ్చి 'మేడం, మొదటి పుస్తకం ఎట్ల తెచ్చుకోవాలె' అంటే సార్ చెప్పినయే చెప్త. కాకపోతే ఆయన ఆఖరికి చెప్పింది నేను మొదలు చెప్త.

*

ఇంటికొచ్చి అమ్మకు సదివిన. రోజుకో కథ. ఆమె కట్లు కట్టుకుంట వింటది, మధ్యల నన్ను ఆపుతది.

"గుర్వమ్మ గట్ల అనదే. 'పోతే పోనీ' అనే మనిషేనా అది? 'పోతే దాని పీడ పాయె' అంటది. రాయి."

రాసిన.

"పెండ్లిల పప్పు మాడిందని రాసినవ్, ఎవలు మాడిచ్చిన్రో రాయకపోతివి."

"వద్దు అమ్మా, వాళ్ళు కొట్లాటకొస్తరు."

"వస్తే రానీ. నేను లేనా?" అని నవ్వుడు.

మగ్గం కాడ బాపు గూడ చెవి ఇటు పెట్టేటోడు. నవ్వొచ్చే కాడ మగ్గం ఒక్క ఘడియ ఆగేది, అంతే. మల్ల నడిచేది. ఆ పది దినాలు మేం ముగ్గురం ఒక్క అర్రల ఉన్నంత దగ్గరగ అంతకుముందు ఎన్నడూ లేము, తర్వాత గూడ లేము.

పదో కథ అయిపోయినంక అమ్మ అడిగింది, "ఇంకున్నయా?"

పదకొండోది నా చేతులనే ఉన్నది. బాపు ఎదురుంగ ఉన్నడు. ఎట్ల సదవాలె? బాపు లేనప్పుడు సదువుదామనుకున్న. బాపు లేనప్పుడు అమ్మ లేదు, వంటింట్ల ఉన్నది. వంటింట్లకు పోయిన, అవ్వతరపు పాత రోలు ముందల కూసొని కారం నూరుతున్నది. "ఏందే?" అన్నది. "ఏం లేదు," అన్న. గంతలనే హైదరాబాదు నుంచి అచ్చేసే ఆయన ఫోన్: జూన్ మొదటి ఆదివారం భువనగిరిల హాలు ఖాళీగున్నది, ఆ తర్వాత రెండు నెల్ల దాక దొరకదు, నాలుగు దినాల్ల మొత్తం పంపుండ్రి అని.

పంపిన. సార్ చెప్పిన నాలుగు ముచ్చట్లల్ల ఒక్కపారే రెండు తప్పిన.

మనసుల ఒక సర్దుబాటు చేసుకున్న. పేరు మార్చిన గద. శారద గాదు, లచ్చవ్వ. సిద్దయ్య గాదు, రాజలింగం. ఊరు పేరు లేదు. లోకంల లచ్చవ్వ అనే మనిషి పదకొండు రోజులు పోయి వస్తే ఎవలకేంది? చీర మార్చుదామని ఒక్కపారి చూసిన గూడ. చీర మారిస్తే ఆయన ఆమెను దొరకవట్టలేడు. కథే నిలవదు. పైగ ఆ చీర నేను పుట్టకముందుది, బొంతల ఇంకిపోయింది, దాన్ని ఎవలు యాది వెట్టుకుంటరు అనుకున్న.

నేతోళ్ళ బిడ్డనయి ఉండి గట్ల అనుకున్న. మా దాంట్ల మనిషి మొఖం మర్చిపోతరు గని చీర మర్చిపోతరా?

*

ఆవిష్కరణ మంచిగ అయింది. కమలాకర్ సార్ మాట్లాడిండు. నన్ను స్టేజీ మీదికి పిలిచినప్పుడు, నేను అమ్మను గూడ పిలిచిన. కొత్త చీర కట్టుకొని, చెమటలు తుడుసుకుంట ఎక్కింది. "ఇవన్నీ మా అమ్మ కథలు," అన్న. చప్పట్లు కొట్టిన్రు. బాపు ఆఖరి వరుసల కూసొని, సంచి ఒళ్ళె పెట్టుకొని, ఎవలన్న చూస్తున్నరా అని ఇటు అటు చూసి కండ్లు తుడుసుకున్నడు. వచ్చేటప్పుడు బస్సుల అమ్మ పుస్తకం తిప్పి తిప్పి చూసింది. అక్షరాలు రావు గద, అట్ట మీద నా ఫోటో మీద వేలు పెట్టి, "నవ్వకపోతివి," అన్నది.

ఇంటికొచ్చినంక తెల్లారి తానే నాలుగిండ్లకు నాలుగు పుస్తకాలు పంచిపెట్టొచ్చింది. మొదటిది గుర్వమ్మత్తకే.

నాలుగు దినాల తర్వాత వాడకట్టు చప్పుడు మారింది. నేను నల్ల కాడికి పోతే ముచ్చట ఆగేది. స్వర్ణలత నన్ను చూసి నవ్వలే, తల వంచుకొని బిందె ఎత్తుకున్నది. రోజూ మధ్యాహ్నం ఆమె పుస్తకం పైకి సదువుతుంటే ఆడోళ్ళందరు వాళ్ళ అరుగు మీద కూసొని వింటున్నరని తెలుసు. పది కథలు నవ్వుకుంట విన్నరంట. పదకొండోది సదివిన దినం, చీర కాడికి వచ్చేసరికి గుర్వమ్మత్త "ఆగు" అన్నదంట. "మల్ల సదువు. చిలకలు ఎటు చూస్తున్నయి?" అన్నదంట.

ఆమె మా వాకిట్లకు వచ్చినప్పుడు నేను అనుకున్నట్టు నోరు పెట్టుకొని రాలే. పుస్తకం సంకల పెట్టుకొని మెల్లగ వచ్చి గడప మీద కూసున్నది. అమ్మ లోపల కట్లు కడుతున్నది. బాపు గుంటల ఉన్నడు.

"రాణీ," అన్నది నన్ను. "నా పెండ్లైన కొత్తల మీ అమ్మ ఆ చీర కట్టుకొని వస్తుంటే, 'శారద చిలకలొచ్చినయి' అని మేమందరం నవ్వెటోళ్ళం. నీకు తెల్వదు పాపం."

పుస్తకం సంకల నుంచి తీసి ఒళ్ళె పెట్టుకున్నది.

"మా పిల్లగాడు శివకుమారూ నువ్వూ నెల తేడా. ఆ పదకొండు దినాలు వాని నోట్ల నుంచి గుంజి నీకు పాలు ఇచ్చిన. తల్లి సావుబతుకుల ఉన్నదంట, పాపం పసిపిల్లను ఇడిసిపెట్టి పోయింది అని, దాని కోసం నేను కొమురెల్లి మల్లన్నకు మొక్కిన. తిరిగొచ్చిననాడు కావలించుకొని ఏడ్చిన. అది గూడ ఏడ్చింది నాతోని. లేని రోగానికి." లోపలికి చూసుకుంట అన్నది, "ఇరవై ఏడేండ్లు ఒక్క గోడ నడుమ బతికినం. నాకు చెప్పరాదా శారదా? నా పాలు తాగిన పిల్ల పుస్తకంల వేసినంక, నా కోడలు సదివితే తెలుసుకోవాల్నా?"

లోపల రబ్బరు సాగి, ముడి పడి, తెగే చప్పుడు. మల్ల ఇంకో ముడి. అమ్మ చెయ్యి ఆపలే. మగ్గం మాత్రం ఆగింది.

గుర్వమ్మత్త పుస్తకం గడప మీద పెట్టి లేచిపోయింది.

ఆమె ఒక్కతె గట్ల బాధపడ్డది. మిగిలినోళ్ళకు బాధ లేదు, పని దొరికింది. పదకొండు దినాలు మట్టే మోసిందా, ఎవలతోని పోయిందో రాసిందా బిడ్డ, సగం దాసిపెట్టి ఉంటది అని. హోటల్ కాడ బాపు కూసుంటే చాయ్ ఇచ్చేటోడు గూడ ఆయన మొఖం దిక్కు ఒక్క ఘడియ ఎక్కువ చూసిండంట. బాపు హోటల్‌కు పోవుడు బంద్ చేసిండు.

అమ్మ నన్ను తిట్టలే. తిడితే బాగుండు. మూడోనాడు బువ్వ పెట్టుకుంట అడిగింది, "పది సదివి వినిపిస్తివి. గిదొక్కటి ఎందుకు సదవలే?"

"టైం లేకుండె అమ్మా. హాలు..."

"ఊ," అన్నది. చారు పోసింది.

తెల్లారి లేచి చూస్తే దండెం మీద బొంత ఆరేసి ఉన్నది. నడుమ జానెడు మేర కుట్లు ఊడదీసి ఉన్నయి, దూది కనవడుతున్నది. ఆ ఎర్ర గుడ్డ పొయ్యి కాడ ఉన్నది. బువ్వ గిన్నె దించే మసిగుడ్డ అయింది.

ఆ దినం సంది మా అమ్మ ముచ్చట చెప్పలే. ఉప్పు సరిపోయిందా, బస్సు ఎన్ని గంటలకు, తలుపు పెట్టు, గంతే. చేతులు నడుస్తయి, నోరు నడవదు. మగ్గం అర్ర గంత పెద్దగ ఉంటదని నాకు అప్పుడే తెలిసింది. మొన్న ఎవలో అడిగిన్రు, మేడం రెండో పుస్తకం ఎప్పుడని. ఏం రాయాలె? నాకున్న కథలన్నీ ఆమె ఇచ్చినయే.

*

కమలాకర్ సార్ దగ్గరికి పోయిన. అంతా చెప్పిన. ఆయన నెత్తి మీది తువ్వాల తీసి ఒళ్ళె పెట్టుకున్నడు.

"పైకి సదివి వినిపిచ్చినవా బిడ్డా?"

"లేదు సార్."

"ఆ చీర ముట్టకు అన్నది నేనే," అన్నడు మెల్లగ. "ఎవలదని అడగకపోతిని."

పుస్తకాల షాపు కాడికి పోయి మిగిలిన పుస్తకాలన్నీ వాపసు తెచ్చుకున్న. అచ్చేసే ఆయన ఫోన్ల అన్నడు, "మేడం, ఆ కథే అందరికి నచ్చుతున్నది, మల్ల వేద్దాం." నేను వద్దన్న. ఆ కథ లేకుండ వేద్దామా అన్నడు. దానికి ఏమనాల్నో తెల్వక పెట్టేసిన. కట్టలు మోసుకొచ్చి మగ్గం అర్ర మూలకు, నేను కూసొని రాసిన చాప మీదనే పెట్టిన.

మిర్గం కార్తె వచ్చింది. తొలి వాన పడి మట్టి వాసన లేసింది. తెల్లారితే కాలేజీ తెరుస్తరు, నేను భువనగిరికి పోవాలె. సంచి సదురుకుంటుంటే బాపు పిలిచిండు.

గుంటల కాళ్ళు పెట్టుకొని కూసొని ఉన్నడు. నేస్తలేడు. ఒళ్ళె పుస్తకం ఉన్నది. గుర్వమ్మత్త గడప మీద పెట్టిపోయిందే అది. కవరుల చుట్టి మగ్గం కింద దాసుకున్నడు గావచ్చు.

"ఆ పదకొండు రోజులది సదువు బిడ్డా."

"వద్దు బాపూ."

"అందరు సదివిన్రు. నాకు అక్షరాలు రాకపాయె." పుస్తకం నా చేతుల పెట్టిండు. "సదువు."

వంటింట్ల గిన్నెల చప్పుడు వినవడుతున్నది. నడుమ తలుపు లేదు, తెర ఒక్కటే. అమ్మకు ప్రతి మాట వినవడతది. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

సదివిన. నా గొంతు మొదటి వరుసలనే తడబడ్డది. లచ్చవ్వ లారీ ఎక్కింది. లచ్చవ్వ మట్టి మోసింది. రాజలింగం డేరాలు డేరాలు తిరిగిండు. పెండ్లాం మొఖం చెప్పరాక చీర చెప్పిండు అన్న కాడ, నేను ఎండకాలంల ఆ మాట రాసి ఎంత మురిసిపోయిన్నో యాదికొచ్చింది. బాపు మగ్గం మీది బట్టను అరచేతితోని రాసుకుంట వింటున్నడు. బస్సు మహబూబ్‌నగర్ దాటింది. 'ఆసు పోసేటోళ్ళు లేరు' అన్నడు రాజలింగం. తర్వాతి వరుస సదివిన: ఎందుకు పోయినవే అని ఆయన ఒక్క మాట అడిగితే ఆమె చెప్పేది. ఆమె ఆ మాట కోసం ఊరు వచ్చేదాక కిటికీల నుంచి చూసుకుంట కూసున్నది. ఇంటికి వచ్చినంక గూడ చూసింది. ఏండ్లు చూసింది.

బాపు చెయ్యి ఎత్తిండు. ఆపిన. కింద ఇంకా పేజీన్నర ఉన్నది. ఎందుకు పోయిందో అందుల ఉన్నది.

మగ్గం మీది పోగొకటి వేలితోని సవరించిండు. బయట చూరు నీళ్ళు కారుతున్నయి.

"అడిగితే చెప్తదని నాకు తెలుసు బిడ్డా," అన్నడు, నాకు గాదు, మగ్గానికి చెప్పుకున్నట్టు. "చెప్పినంక, ఇంక ఉండనీకి ఏం మిగులుతది, మల్ల పోతదని భయమైంది. ఆసు అన్న. నోటికి అదొచ్చింది."

వంటింట్ల చప్పుడు ఆగింది.

బాపు గుంటల నుంచి కాళ్ళు తీసిండు. పని ఉన్నంత సేపు ఆయన గట్ల తీయడు. లేచి నిలబడి, తెర దిక్కు తిరిగి, పెండ్లికొచ్చిన కొత్తోని లెక్క గొంతు సవరించుకున్నడు.

"శారదా."

తెర జరిగింది. అమ్మ గుమ్మం కాడికి వచ్చింది. పొయ్యి మీది నుంచి లేచొచ్చినట్టుంది, చేతుల మసిగుడ్డ ఉన్నది. ఎర్ర గుడ్డ, సగం నల్లబడ్డది, అంచుకు పచ్చ.

"ఎందుకు పోయినవే?" అన్నడు బాపు.

ఆమె ఆయన దిక్కు చూసింది. నా దిక్కు చూడలే, నా చేతుల పుస్తకం దిక్కు చూసింది.

"ఇరవై ఏడేండ్లు అడగలే. వాడకట్టంత సదివినంక అడుగుతున్నవా? పుస్తకంల ఉన్నది. బిడ్డ ఎదురుంగనే ఉన్నది, సదివిచ్చుకో."